తాయారమ్మగారి ఆరుగురు

మొన్న మండపేటలోనే ఒక పెళ్ళివారింట వంట చేస్తున్నాను. గుండిగలో ఉల్లిపాయలు నూనెలో పడి ఎర్రబడుతున్నాయి. ఆ వాసన పందిరంతా అల్లుకుంది. పొయ్యి హోరుకి పక్కమనిషి మాట వినిపించడం లేదు. అంత గోలలోనూ ఒక చప్పుడు నా చెవిన పడింది. నిండు బిందెలో గోళీ జారవిడిస్తే వచ్చే చప్పుడులాంటిది, టుబుక్ అని. నా చేతిలో గరిటె ఆగిపోయింది. తిరిగి చూస్తే, గ్యాసు బండలు తెచ్చిన మనిషి వాటి పక్కనే కుర్చీలో కూలబడి ఫోనులో ఆట ఆడుకుంటున్నాడు. "పడిపోయింది ఎవరు నాయనా? నీవాడా, అవతలివాడా?" అని అడిగాను. అతను నన్నూ, నా గరిటెనూ ఎగాదిగా చూసి, "మీకు తెలుసాండీ ఈ ఆట?" అన్నాడు. తెలుసు. నాకు నేర్పిన మనిషి తాయారమ్మగారు. ఆవిడ పోయినేడు వెళ్ళిపోయారు. మొన్న ఆ చప్పుడు విన్నప్పటినుంచీ ఆవిడ గురించి చెప్పాలని మనసు పీకుతోంది. నాకు సంతకం వరకే వచ్చు. బస్సు బోర్డు కూడబలుక్కుంటే గానీ చదవలేను. అందుకని నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు దుర్గ రాస్తోంది. అక్షరాలు దిద్దుకో గానీ మాటలు దిద్దకు అని దానికి ముందే చెప్పాను.

తాయారమ్మగారిది కిరాణా కొట్టు, రైసు మిల్లుల వైపు లారీలు తిరిగే మలుపులో. ఆవిడ భర్త షావుకారుగారు పేరుకే షావుకారు. గల్లా దగ్గర కూర్చునేది ఆవిడే. భారీ మనిషి, నోరు అంతకంటే భారీ. కందిపప్పులో రాయి కనబడిందంటే సరుకు పంపినవాడిని ఫోనులోనే కడిగి ఆరేసేవారు. కొట్టు వెనక గదిలో బెల్లం దిమ్మలు, ఎండుమిర్చి బస్తాలు, ఇంగువ డబ్బాలు, వాటి మధ్య ఒక కంప్యూటరు. మేడమీద అద్దెకున్న లెక్చరరు ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ ఆ పాత కంప్యూటరు వదిలేసి, ఈ ఆట నేర్పి వెళ్ళాడట. "మధ్యాన్నం పడుకుంటే ఒళ్ళొచ్చేస్తోందయ్యా అన్నాను. ఈ రోగం అంటించి పోయాడు" అనేవారు.

మా ఆయన సూర్యనారాయణ పెళ్ళివంటల మేస్త్రి. ఇటు మండపేట నుంచి అటు రామచంద్రపురం దాకా ఆయన చేతి గుత్తివంకాయకి పేరుంది. నేను కూరలు తరిగేదాన్ని, కొబ్బరి కోరేదాన్ని. పొయ్యి దగ్గరకి మాత్రం రానిచ్చేవాడు కాదు. "నువ్వు వాసన చూసి ఉప్పు సంగతి చెప్పవే, చాలు" అనేవాడు. ఒకరోజు పొద్దున్నే టీ తాగుతూ గుండె పట్టుకుని గోడకి ఒరిగిపోయాడు. అంతే. పెద్దకర్మ అయ్యాక చుట్టాలు సర్దుకున్నారు. నేనూ, ఆయన గుండిగలూ, బాణళ్ళూ, గరిటెలూ మిగిలాం. వాటిమీద దుప్పటి కప్పేశాను. గదిలో ఒక మూల ఎవరో ముసుగుతన్ని పడుకున్నట్టు ఉండేది. నేను తీసి చూడను, ఇంకొకరిని ముట్టుకోనివ్వను.

గడప దాటకూడని రోజులు అయిపోయిన మర్నాడే తాయారమ్మగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "కొట్టులో పప్పులు చెరిగే మనిషి మానేసింది. వచ్చి చెరుగు. ఏడుస్తూ చెరిగినా నాకేం పట్టదు. కన్నీళ్ళు మాత్రం పప్పులో పడనివ్వకు, బూజు పడుద్ది" అన్నారు. అలా ఓదార్చే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. వెళ్ళాను. అయితే పొద్దున్న కొట్టు తెరిచే వేళకి ఎదురుపడకుండా పక్క సందులో నిలబడేదాన్ని. మొగుడు పోయినదాని ముఖం బోణీ వేళ ఎవరు చూస్తారు? ఆవిడ ఇట్టే కనిపెట్టేశారు. తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, "షట్టరు ఎత్తు" అన్నారు. "వద్దండీ, మీ వ్యాపారం..." అని నసిగాను. "నా వ్యాపారం సంగతి నీకెందుకే? నా నడుం వంగట్లేదు. ఎత్తుతావా, బేరాలన్నీ రోడ్డుమీద నిలబెడతావా?" షావుకారుగారు అగరొత్తులు పట్టుకుని వెనకాలే నిలబడి ఉన్నారు. "ఎత్తేయమ్మా సత్తెమ్మా. లేకపోతే నన్ను ఎత్తమంటది" అన్నారు. ఎత్తాను. ఆ రోజు మొదలు ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ షట్టరు నా చేత్తోనే లేచింది.

మధ్యాన్నం భోజనాల వేళ దాటాక కొట్టులో ఈగలు తోలుకోవడమే పని. అప్పుడు ఆవిడ వెనక గదిలో కంప్యూటరు ముందు చేరేవారు. నేను చాట పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. ఆ ఆటలో జీవాలుంటాయి. నిప్పుజాతి, నీటిజాతి, ఆకుజాతి, రాతిజాతి, ఇలా. నీరు నిప్పుని ఆర్పుతుంది, నిప్పు ఆకుని కాలుస్తుంది, ఆకు నీటిని పీల్చేస్తుంది. వాటిలోంచి మనం ఆరుగురిని ఎంచి జట్టు కట్టాలి. అవతలివాడూ ఆరుగురిని తెస్తాడు. ఒక్కొక్కరే దిగి తలపడతారు. ఎవరి ఆరుగురూ ముందు పడిపోతే వాళ్ళు ఓడినట్టు. చూసేవాళ్ళకి కొట్టుకోవడమే ఆట. తాయారమ్మగారికి మాత్రం ఆ ఆరుగురిని ఎంచడమే ఆట. పెళ్ళికూతురికి నగలు చూసినట్టు ఒక్కొక్కరినీ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకునేవారు.

ఆవిడ ఆడేది కంపెనీవాడు చేసిన అసలు ఆట కాదు. దాన్ని ఆడి ఆడి విసిగిన అభిమానులు కొందరు కలిసి, విప్పి, తమకు నచ్చినట్టు మార్చుకున్న ఆట. ఎవరో కట్టిన ఇంట్లో దిగాక గోడలు కొట్టి గదులు మార్చుకుంటాం చూడండి, అలాగ. ఆ అభిమానులందరూ నెలనెలా కంప్యూటరులోనే పోగై మాట్లాడుకుంటారు. అందరూ ఒకే జీవాన్ని పెట్టుకుని గెలిచేస్తుంటే దాని బలం కాస్త కోస్తారు. ఎవరూ పిలవని జీవానికి ఏదో ఒక కొత్త విద్య ఇస్తారు. ఆవిడ ఈ సంగతి చెప్పిన రోజు నేను చాట కింద పెట్టేశాను. "మూలన పడ్డవాళ్ళని వెతికి మరీ లేపుతారాండీ?" అని అడిగాను. "లేపకపోతే అందరూ ఆ ఆరుగురితోనే వస్తారు. ఆట చప్పబడిపోద్ది" అన్నారు. "దేవుడికి ఈ బుద్ధి లేకపోయిందండీ" అన్నాను. ఆవిడ నవ్వలేదు. కుర్చీ పక్కకి జరిపి, "ఇలా రా, ఇక్కడ కూర్చో" అన్నారు.

జీవాల పేర్లు ఇంగ్లీషులో ఉండేవి. నాకు బొమ్మలే దిక్కు. అందుకని నేనే పేర్లు పెట్టుకున్నాను. వీపుమీద మంట మండే నక్క కుంపటి. రాతి డిప్ప మోసే తాబేలు రుబ్బురోలు. వెండిలా మెరిసే చేప పులస. రాత్రీ పగలూ కళ్ళు తెరుచుకుని ఉండే పిట్ట కాపలా. అందరికీ చుట్టుకునే ముళ్ళతీగ ఒకటుంటే దానికి మా ఆడపడుచు పేరు పెట్టాను. ఆ పేరు ఇక్కడ రాయించను. ఇంక గొడుగు. నెత్తిన పుట్టగొడుగు, మూసిన కళ్ళు, మోకాలెత్తు శరీరం. ఒక్క గట్టి దెబ్బకి పడిపోతుంది కాబట్టి ఎవరూ దాన్ని ఎంచేవారు కాదు. నాకు దాన్ని చూస్తేనే ప్రాణం కొట్టుకునేది.

మొదటిసారి జట్టు కట్టమన్నప్పుడు నేను రుబ్బురోలుని ముందు దింపాను. "ఎందుకే?" అన్నారు. "పెద్దవాడు కదండీ. బంతిలో పెద్దవాళ్ళకే కదా ముందు వడ్డిస్తాం?" ఆవిడ తల పట్టుకున్నారు. "ఒసే, వడ్డించుకోడానికి రాలేదే వాళ్ళు! నీ ముసలాయన చెప్పులేసుకునేలోపు అవతలివాడు దారంతా ముళ్ళు పరిచేసి కూర్చుంటాడు. వెనకొచ్చే ప్రతివాడి కాళ్ళకీ గుచ్చుకుంటాయి. చురుకైనవాడిని దింపు. ముసలాయన తర్వాత తీరిగ్గా వస్తాడు." సరేనని ఈసారి ఆరుగురినీ దంచేవాళ్ళనే పెట్టాను. అదీ తిట్టు తెచ్చింది. "ఆరు కూరలూ కారంగానే వండుతావా? పెరుగుపచ్చడి ఎవరు పెడతారు? మేస్త్రి పెళ్ళానివి, విస్తరి కూర్చడం నీకు తెలీదా?" ఆ మాటతో నాకు లోపల ఏదో దీపం వెలిగింది. విస్తరి అయితే నాకు తెలుసు. పులుపు పక్కన తీపి, వేపుడు పక్కన పులుసు. కుంపటికి నీళ్ళంటే భయం, నీళ్ళు పోసేవాడు వస్తే ఆడపడుచు వెళ్ళి చుట్టేస్తుంది. ఆడపడుచుకి నిప్పంటే భయం, నిప్పు వస్తే పులస ఆర్పుతుంది. ఒకరి లోటు ఇంకొకరు కప్పాలి. ఎవరికి దేనంటే భయమో ముందు తెలుసుకుని, ఆ తర్వాతే ఎవరి బలమేంటో చూడాలి. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే.

అవతల ఆడేవాళ్ళు ఏ ఊళ్ళవాళ్ళో, ఏ దేశాలవాళ్ళో. ఈవిడ ఎవరో వాళ్ళకి తెలీదు. ఒకరోజు గెలిచాక ఏదో చదువుకుని, కిసుక్కున నవ్వారు. "నన్ను బ్రో అంటున్నాడే." "అంటే ఏంటండీ?" "అన్నయ్య అని." "మరి మీసాలు పెంచండి" అన్నాను. కొట్టులోంచి షావుకారుగారు కేకేశారు, "అన్నయ్యగారూ, మినుములు అయిపోయాయి, ఆర్డరు పెట్టమంటారా?" ఇక ఆ వారమంతా ఇంట్లో ఆవిడ అన్నయ్యగారే. అన్నం దగ్గర కూడా "అన్నయ్యగారూ, కాస్త మజ్జిగ" అనేవారాయన. ఆవిడ గరిటె చూపించేవారు.

ఇంతా నేర్చుకున్నా నేను గెలిచేదాన్ని కాదు. నాకొక జబ్బు ఉండేది. ఆటలో దెబ్బతిని నీరసించినవాడిని మధ్యలో వెనక్కి పిలవొచ్చు. కానీ వాడి బదులు దిగినవాడికి అవతలివాడి దెబ్బ ఊరికే తగులుతుంది. అదే వాడు పడిపోయాక ఇంకొకడిని దింపితే, వచ్చేవాడు దెబ్బ లేకుండా దిగుతాడు. అందుకే తెలిసినవాళ్ళు పని అయిపోయినవాడిని పడనిస్తారు. నావల్ల అయ్యేది కాదు. ఆ టుబుక్ చప్పుడు వినలేక అందరినీ వెనక్కి పిలుచుకునేదాన్ని. ఒకడిని కాపాడబోయి ఆరుగురినీ దెబ్బలపాలు చేసేదాన్ని. "పడేవాడిని పడనియ్యవే" అని ఆవిడ అరిచేవారు. "ఊరికే పోతాడండీ." "ఊరికే ఎందుకు? వెనకవాడికి దారి ఇచ్చి పోతున్నాడుగా?" "దారి చాలదండీ. పోయేవాడు వెనకున్నవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టి పోవాలి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ నా ముఖం వైపు చూసి, కంప్యూటరు వైపు తిరిగి టైపు కొట్టడం మొదలుపెట్టారు.

ఆ మాటనే ఆ అభిమానుల ముందు పెట్టారట. ఎవరూ ఎంచని గొడుగుకి ఈ విద్య ఇద్దాం, అది పడిపోయేటప్పుడు వెనక వచ్చేవాడికి బలం ఇచ్చి పోవాలి, అని. కొందరు ఒప్పుకోలేదు. ఈవిడ వదిలే మనిషా? మిర్చి బేరం ఆడినట్టు రోజూ మధ్యాన్నం వాళ్ళతో తగువు. తర్వాతి నెల మార్పులు వచ్చిన రోజు నన్ను కేకేసి, తెరమీద వేలు పెట్టి చూపించారు. "ఇదిగో. నీ మాటే. ఇంక గొడుగు ఊరికే పోడు." షావుకారుగారు బెల్లం దిమ్మ పగలగొట్టి కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ తలా ముక్క పెట్టారు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. అయినా నా జబ్బు తగ్గలేదు. గొడుగుని జట్టులో పెట్టుకునేదాన్ని, పడబోతుంటే వెనక్కి లాగేసేదాన్ని. "విద్య పెట్టించింది నువ్వే, వాడనిది నువ్వే. నీలాంటిదాన్ని చూడలేదే తల్లీ!" అనేవారు.

ఈలోగా మా తమ్ముడు వీర్రాజు రామచంద్రపురం నుంచి వస్తూ పోతూ ఉండేవాడు. మంచివాడు. అక్క ఒంటరిగా ఉందని వాడి బెంగ. "ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరకి వచ్చెయ్యక్కా. బావ సామాను మా ఊళ్ళో ఒక మేస్త్రి అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం" అనేవాడు. వాడింటికి వెళితే తిండికి లోటు లేదు. కానీ ఇంక నా బతుకంతా వాడి వంటింట్లో ఒక మూల. పోనీ ఉండిపోతే ఏం చేస్తాను? పప్పులు చెరుగుతూ ఎన్నాళ్ళు? సరే అనలేదు, కాదనలేదు. నోరు పెగలకపోవడమే ఒప్పుకోవడం అనుకుని, ఒక ఆదివారం సాయంత్రం సామాను ఎక్కించడానికి ట్రక్కు ఆటో మాట్లాడుకుని వచ్చేశాడు.

ఆ రోజే తాయారమ్మగారికి పోటీలో ఆట ఉంది. వారం నుంచి వేళ్ళు వాచి మౌసు పట్టుకోలేకపోతున్నారు. "నువ్వు ఆడు" అన్నారు. "ఇప్పుడాండీ? ఆదివారం సాయంత్రం రాహుకాలం!" "రాహువు నీ ఒక్కదానికేనా, అవతలివాడికి మాత్రం లేడా? కూర్చో." కూర్చున్నాను. వీర్రాజు వెతుక్కుంటూ కొట్టుకి వచ్చి, గుమ్మంలో నిలబడ్డాడు. ఆట చివరికి వచ్చింది. నాకు ఇద్దరే మిగిలారు. ఎదురుగా గొడుగు, ప్రాణం కొనఊపిరి. వెనక కుంపటి, అదీ నీరసపడి ఉంది. అవతల ఒక నల్లపాము, దాని వెనక ఒక రాతిమనిషి. గొడుగుని వెనక్కి పిలిస్తే పాము కాటు కుంపటికి తగులుతుంది, అది చస్తుంది. గొడుగుని ఉంచితే గొడుగు చస్తుంది. నేను తాయారమ్మగారి వైపు చూశాను. ఎప్పుడూ నా చెయ్యి కదలకముందే తిట్టే మనిషి, ఆ రోజు నోరు మెదపలేదు. "ఏం చెయ్యమంటారండీ?" అన్నాను. ఆవిడ లేచి, స్టవ్వు దగ్గరకి వెళ్ళి కాఫీకి పాలు పెట్టారు.

గుమ్మంలోంచి వీర్రాజు, "బండివాడు తొందరపెడుతున్నాడండీ. మీ మాటంటే మా అక్కకి గురి. మీరైనా చెప్పండి దానికి" అన్నాడు. వాడు అడిగింది ఆట సంగతి కాదు. ఆవిడ పాలగిన్నె మీంచి చూపు తిప్పకుండా, "నేను చెబితే నా ఆటవుద్ది వీర్రాజూ. ఇది మీ అక్క ఆట" అన్నారు.

గొడుగుని వెనక్కి పిలవలేదు. టుబుక్ అంది. పుట్టగొడుగు విచ్చుకుని, పచ్చటి పొడి తెరంతా పరుచుకుంది. ఆ పొడిలో దిగిన కుంపటి వీపుమీద మంట నిలువెత్తు లేచింది. పాముని ఒక్క దెబ్బకి కాల్చేసింది. ఆ తర్వాత రాతిమనిషి వచ్చి కుంపటిని చితక్కొట్టాడు. ఓడిపోయాను. కానీ నేను చూస్తున్నది తెరని కాదు. నా కళ్ళముందు దుప్పటి కప్పిన ఆ గుండిగలు ఉన్నాయి. మా ఆయన ఊరికే పోలేదు. నా చేతిలో పెట్టే పోయాడు. నేనే వాటికి ముసుగేసి కూర్చున్నాను.

"వీర్రాజూ, సామాను ఎవరికీ ఇవ్వనురా. బండి పంపించెయ్" అన్నాను. "ఏం చేస్తావక్కా?" "వండుతాను." "బావలాగానా?" వాడి గొంతులో వెటకారం లేదు, భయం ఉంది. "బావ వంటకి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పింది ఎవర్రా ఇన్నేళ్ళూ?" అన్నాను. తాయారమ్మగారు కాఫీ గ్లాసు వాడి చేతిలో పెట్టి, "తాగి వెళ్ళు బాబూ. ఖాళీ బండి తేలిగ్గా పోద్ది" అన్నారు. వాడు వెళ్ళాక అడిగాను, "ఓడిపోయానని కోపం వచ్చిందాండీ?" అని. "రాదా మరి? రాతిమనిషి వస్తాడని తెలిసీ, వాడిని ఆపగల పులసని ముందే పోగొట్టుకున్నావు. రేపు ఆ సంగతి చూద్దాం" అన్నారు. మెచ్చుకోలు మాట ఒక్కటి రాలేదు ఆ నోట్లోంచి. కాఫీలో మాత్రం చక్కెర రెట్టింపు వేశారు.

తర్వాత నేను జట్టు కట్టాను. ఆరుగురం ఆడవాళ్ళం. పొయ్యి దగ్గర గంటలు నిలబడగలిగే మనిషి ఒకతి, కానీ పెళ్ళివారితో మాట్లాడమంటే వణుకు. నోరున్న మనిషి ఇంకొకతి, దానికి పచ్చళ్ళు తప్ప ఏదీ రాదు. ఎవరికి దేనంటే భయమో అడిగి తెలుసుకుని, అప్పుడు పని పంచాను. తాయారమ్మగారు వాళ్ళందరినీ కొట్టు ముందు నిలబెట్టి చూసి, "వేగం తక్కువే, కానీ గట్టి జట్టు" అన్నారు. వాళ్ళకేం అర్థమవుతుంది, నవ్వారు. మొదటి వంటకి ఆవిడే సరుకు ఇచ్చారు. వంకాయలో ఉప్పు ఎక్కువైందని పదిమందిలో నన్ను దులిపేసిందీ ఆవిడే.

పోయినేడు నిద్రలోనే వెళ్ళిపోయారు. కర్మలన్నీ అయ్యాక కొట్టు తెరిచే రోజు నేను మళ్ళీ పక్క సందులో నిలబడ్డాను. షావుకారుగారు అగరొత్తులు పట్టుకుని వచ్చి, చుట్టూ చూసి, సందులోకే వచ్చి తాళాల గుత్తి నా చేతిలో పెట్టారు. "అన్నయ్యగారు తిడతారమ్మా" అన్నారు. షట్టరు ఎత్తాను.

మొన్న ఆ గ్యాసు బండల మనిషిని, "నీ ఫోనులో పుట్టగొడుగు నెత్తిన పెట్టుకున్న జీవం ఒకటుంటుంది, తీసి చూపించు నాయనా" అన్నాను. అతను ఆడేదీ ఆ మార్చుకున్న ఆటే. నెలనెలా మారిపోయే ఆట కదా, తీసేసి ఉంటారేమోనని అతని ఫోను మీదికి వంగాను. చూపించాడు. అవే మూసిన కళ్ళు. "కింద ఏం రాశారు?" అన్నాను. "పడిపోయేటప్పుడు వెనక వచ్చేవాడికి బలం ఇస్తుందటండీ. మంచి విద్య. ఇది ఎవరు పెట్టారో గానీ" అన్నాడు. చెప్పలేదు. చెబితే నమ్మడు. ఉల్లిపాయలు మాడుతున్నాయని ఇటు తిరిగాను. జట్టులో కొత్తగా చేరిన సుబ్బలక్ష్మి మొదటిసారి సొంతంగా పప్పుచారు గుండిగ పట్టింది. గరిటె పట్టుకుని నావైపు చూస్తోంది. "ఉప్పు సరిపోయిందంటారా అత్తా?" ఆ వాసనకే నాకు తెలిసిపోయింది. మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, పక్క పొయ్యి మీద కాఫీకి పాలు పెట్టాను.